కోటయ్య మామ ఇంటి నీళ్లు

మా తమ్ముడు సుధాకర్ స్కూటర్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకోకపోతే నేను ఈ ప్రయాణం చేసేదాన్నే కాదు. వాడు గుంటూరులో ఒక కాలేజీ ల్యాబులో పని చేస్తాడు. నేను నరసరావుపేటలో కోర్టుల పక్కన జిరాక్స్ షాపు నడుపుతాను. పిండికట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని వాడు ఫోన్ చేసి, "అక్కా, నువ్వే వెళ్లిరావాలి. ల్యాబు వాళ్లెవరన్నా పోతే ఊళ్లోవాళ్లు మొహమాటానికి అంతా బాగుందంటారు. నువ్వైతే మనింటి మనిషివి" అన్నాడు. షాపు ఎవడు చూస్తాడ్రా అని కాసేపు అరిచి, చివరికి సరేనన్నాను.

వెళ్లాల్సింది గురజాల అవతల మా పిన్ని వాళ్ల ఊరు. ఊరి పేరు రాయను. రాస్తే రేపు అక్కడి పిల్లలకు సంబంధాలు కుదరవని నన్ను తిడతారు. ఆ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లు గోధుమ రంగు చారలు పడి ఉంటాయి, వయసు మీరితే నడుములు, మోకాళ్లు బిగుసుకుపోతాయి. మినరల్ వాటర్ ప్లాంటు ఒకటి పెట్టారు గానీ మోటారు కాలిపోయి మూతపడింది.

పోయిన మిరపకోతలప్పుడు సుధాకర్ వాళ్లు ఆ ఊళ్లో ఒక వీధి మొత్తానికి ఫిల్టర్లు పంచారు. పైన ఒక స్టీలు పాత్ర, కింద ఒకటి, పైదాంట్లో తెల్లటి మట్టి క్యాండిల్. బజార్లో దొరికేదానిలాగే ఉంటుంది, కాకపోతే దాని ఒంటి మీద నానో పూత ఉంటుంది. నానో అంటే ఏందిరా అని అడిగితే నా జడలోంచి ఊడిన వెంట్రుక ఒకటి పట్టుకుని, "దీన్ని కొన్ని వేల పోగులుగా చీలిస్తే ఒక పోగు ఎంతుంటదో, అంత గింజలు" అన్నాడు. అంత సన్నటివి కాబట్టి దోసెడు పొడిలోనే ఎకరాలకొద్దీ అంటుకునే చోటు ఉంటుందట. ఫ్లోరైడ్ వచ్చి ఆ గింజలకు పట్టుకుని అక్కడే ఉండిపోతుందట. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. పూత మాత్రం పాల మీద మీగడ కంటే చానా పల్చన, కంటికి కనపడదు.

నేను ఆ నీళ్లను పరీక్ష చేసి బాగున్నాయని ఒక్క మాట చెబితే చాలు, సోమవారం అవే క్యాండిళ్లు చుట్టుపక్కల బడులన్నిటికీ లారీలో వెళ్తాయి. అది తమ్ముడి గొడవ. నా గొడవ వేరు. మా పిన్ని కూతురు నాగమణి ఆ వీధిలోనే ఉంటుంది. దానికి ఏడాది దాటిన కూతురు, పేరు లహరి. పాలపళ్లు తెల్లగానే వస్తాయట, వాటి కింద చిగుళ్లలో రెండో పళ్లు మాత్రం ఈ వయసులోనే తయారవుతుంటాయట. ఇప్పుడు తాగిన నీళ్ల సంగతి ఆరేళ్లకో ఏడేళ్లకో బయటపడుతుంది. ఫిల్టర్ పెట్టిన రోజు నాగమణి నాకు ఫోన్ చేసి, "నా కూతురు నోరారా నవ్వుద్ది అక్కా" అని ఏడ్చింది. అదెప్పుడు నవ్వినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

గురువారం పొద్దున ఏడింటికి నరసరావుపేట బస్టాండులో పిడుగురాళ్ల బస్సెక్కాను. ఆడవాళ్లం కాబట్టి ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టిచ్చాడు. బస్సు పత్తి తీతలకు పోయే కూలీలతో కిటకిటలాడుతోంది. నా పక్కన కూర్చున్న ముసలమ్మ నాతో మాట్లాడాలంటే మెడ తిప్పకుండా ఒళ్లంతా తిప్పుతోంది. మెడ పట్టేసిందా పెద్దమ్మా అన్నాను.

"పట్టెయ్యటమేంది బిడ్డా, ఎప్పుడో పోయింది. నీళ్లు. మా ఊరి నీళ్లన్నీ నా ఎముకల్లోనే కూర్చున్నయ్" అంది, ఆ బస్సులో సీటు దొరకలేదన్నంత మామూలుగా. ఆమె దిగేటప్పుడు మెట్ల మీద నుంచి ఇద్దరు పట్టుకుని దించాల్సి వచ్చింది.

పిడుగురాళ్లలో దిగేసరికి ఎనిమిదిన్నర. సున్నపు బట్టీల దుమ్ముతో చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయక్కడ. బస్టాండు ఎదురు కాకా హోటల్లో నాలుగు ఇడ్లీ తిన్నాను. అల్లం చట్నీ కారం ఇప్పటికీ నాలిక మీద ఉంది. గురజాల బస్సు తొమ్మిది తర్వాత వచ్చింది. గురజాల నుంచి షేర్ ఆటో. వెళ్లేవాళ్లకు ఒక మాట, ఆటోవాడు పదిమంది నిండితే గానీ కదలడు, వాడితో పోట్లాడి ప్రయోజనం లేదు. నేను పోట్లాడి చూశాను.

నాగమణి ఇల్లు చూస్తే కళ్లు జిగేల్‌మంటాయి. గచ్చు మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. అరుగు మీద ఇత్తడి బిందెలు వరసగా, వాటి పక్కన పీట మీద ఫిల్టర్. దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు కూడా పెట్టింది. ఆ వీధిలో ఎవరింట్లోనూ అంత మెరిసే ఫిల్టర్ లేదు.

"రా అక్కా, చిక్కిపోయావేంది!" అంటూ గ్లాసు నిండా నీళ్లిచ్చింది. గటగటా తాగేశాను. లహరి వచ్చి నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. బుగ్గ గిల్లితే కిలకిలా నవ్వి, వెంటనే తన బుల్లి అరచేత్తో నోరు మూసుకుంది. "భలే ముద్దుగా ఉందే" అన్నాను.

గోంగూర, పప్పు, పెరుగుతో అన్నం తిన్నాక మధ్యాహ్నం పని మొదలెట్టాను. తమ్ముడిచ్చిన సంచిలో గాజు గొట్టాలు, ఒక మందు సీసా ఉన్నాయి. గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వెయ్యాలి. గులాబీ రంగుంటే నీళ్లు మంచివి. పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ ఉన్నట్టు. రంగుల సంగతి ఎవరికీ ముందే చెప్పొద్దని వాడి ఆర్డరు. చెబితే జనం తమకు కావలసిన రంగే చూస్తారట.

వీధి చివరి నుంచి మొదలెట్టాను. చివరిల్లు కోటయ్య మామది. ఆయన రిటైరైన లారీ డ్రైవరు, పెళ్లాం పోయింది, ఒక్కడే ఉంటాడు. గడపలో అడుగుపెట్టగానే వాసన. చుట్ట పీకలు, విప్పిన బట్టలు, ఎప్పటివో అంట్లు. ఫిల్టర్ మూత తీసి చూద్దును కదా, క్యాండిల్ నిండా పచ్చటి పాకుడు! తాకితే జారుతుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం మామా, నువ్వు మనిషివేనా? ఆళ్లు అంత కష్టపడి తయారుచేసి ఊరికే ఇస్తే ఇట్టాగేనా పెట్టుకునేది? ఒక్కసారన్నా తోమావా దీన్ని?"

"తోమటమేంది?" అన్నాడాయన, చుట్ట నోట్లోంచి తియ్యకుండానే. "పోసుకుంటన్నా, తాగుతన్నా. దాని జోలికి నేను పోలేదు, నా జోలికి అది రాలేదు."

ఇక ఈ ఇంటి నీళ్ల సంగతి చూడక్కర్లేదనుకుంటూనే మందు వేశాను. గులాబీ! ముదురు గులాబీ. రోజా పువ్వు రేకంత. నేను గొట్టాన్ని వెలుగులో పెట్టి చూశాను, ఊపి చూశాను. మారలేదు. సరేలే, గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏదో అయ్యుంటుందనుకుని బయటికొచ్చాను.

తర్వాత మస్తాన్‌బీ ఇల్లు. వాళ్లాయన పంక్చర్ షాపు మెకానిక్. ఆ ఇల్లూ అద్దంలా ఉంది. ఆమె అప్పుడే దొడ్లో గిన్నెలన్నీ తోమి బోర్లించింది. "రేపు జుమ్మా గదక్కా, గురువారమే మొత్తం తోమేస్తా" అంది. ఆ ఇంటి నీళ్లలో మందు వేస్తే నారింజ రంగు వచ్చి, చూస్తుండగానే పసుపుకు తిరిగింది. ఆ పక్కిల్లు పసుపు. ఎదురిల్లు పసుపు.

నాగమణి ఇల్లు చివరికి మిగిలింది. అది పాపని చంకనేసుకుని నా పక్కనే నిలబడింది. చుక్క పడీ పడగానే నీళ్లు నిమ్మకాయ రంగులోకి తిరిగి, అట్లాగే నిలిచిపోయాయి.

"పసుపొచ్చింది అక్కా!" అంది నాగమణి సంబరంగా. "శుభం! మంచిదే గదా?" అని నవ్వి, అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చంకలో పిల్ల కూడా నవ్వి నోరు మూసుకుంది.

నేను ఆఁ అన్నానో ఊఁ అన్నానో గుర్తులేదు. సిగ్నల్ లేదని చెప్పి వీధిలోకి పరిగెత్తి సుధాకర్‌కి ఫోన్ చేశాను. "మందు పాడైపోయిందేమో అక్కా" అన్నాడు వాడు. మళ్లీ కోటయ్య మామ ఇంటికి పోయాను. మళ్లీ గులాబీ. మందు బాగానే ఉంది. ఊరంతట్లోకీ మురికి కొంపలో నీళ్లు మంచివి, ఊరంతట్లోకీ శుభ్రమైన ఇంట్లో నీళ్లు విషం. ఇదేం విడ్డూరం తల్లీ అని ఆ వీధిలో నిలబడి పైకే అన్నాను.

ఎందుకో తెలియకుండా నాగమణికి ఏం చెప్పను? సాయంత్రం పాపకి గ్లాసు అందించబోతుంటే నా సంచిలో ఇంటి నుంచి తెచ్చిన సీసా తీసి, "ఇవి చల్లగా ఉన్నాయి, ఇవి పట్టు" అన్నాను. అది నా వంక వింతగా చూసింది గానీ ఏమనలేదు. పిల్ల సీసా ఖాళీ చేసింది.

శుక్రవారం పొద్దున పీచు రాపిడి చప్పుడుకి మెలకువ వచ్చింది. దొడ్లోకి వెళ్లాను. నాగమణి తలస్నానం చేసి, కొప్పు చుట్టుకుని, బావి చప్టా మీద కూర్చుని బిందెలు తోముతోంది. పక్కన చింతపండు గుజ్జు, ఇటిక పొడి. బిందె తోమింది, చెంబు తోమింది. తర్వాత ఫిల్టర్‌లోంచి ఊడదీసిన క్యాండిల్ అందుకుంది. గుప్పెడు చింతపండు, గుప్పెడు ఇటిక పొడి దాని ఒంటికి పట్టించి, పసిపిల్లకు నలుగు పెట్టినంత ఓపికగా పైనుంచి కిందికి రుద్దడం మొదలెట్టింది.

"నాగా!" నేను పెట్టిన కేకకి దాని చేతిలో పీచు కింద పడింది. "ఏం చేస్తన్నావే?"

"ఏమైందక్కా? తోముతున్నా. శుక్రవారం గదా. నీళ్ల సామానంతా తోమి బొట్టు పెట్టకుండా పొయ్యి ఎట్టా ముట్టిస్తా?"

"ఎప్పటి నుంచి?"

"మీ తమ్ముడు ఇచ్చిన వారం నుంచీ. ఒక్క శుక్రవారం తప్పలేదు" అంది మెచ్చుకుంటాననుకుని. "మొదట్లో తోమితే తెల్లగా సుద్దలాగా వచ్చేదక్కా. నాలుగైదు వారాలకి ఆ మురికంతా పోయింది. ఇప్పుడు చూడు, ఎంత నున్నగా ఉందో."

నేను చప్టా మీద కూలబడ్డాను. ఆ సుద్దే నానో పూత. వెంట్రుకను వేల పోగులు చీల్చినంత సన్నగా, ఎన్నేళ్లో కష్టపడి పట్టించిన గింజలు చింతపండు పులుపుకి, ఇటిక పొడి రాపిడికి దొడ్లో కాలవగుండా అరటి చెట్ల పాదుల్లోకి పోయాయి. మిగిలింది ఒట్టి మట్టి క్యాండిల్. నేను స్పీకర్ పెట్టి సుధాకర్‌కి చెప్పాను.

"చింతపండా?" అన్నాడు వాడు. "అక్కా, మేం దాన్ని వేడి నీళ్లలో పెట్టాం, బురద నీళ్లు పోశాం, నెలల తరబడి బోరు నీళ్లు వదిలాం. తోమటం... తోమి చూడాలని ఎవరికీ తట్టలేదు."

"ఎట్టా తడుతుందిరా? మీలో ఒక్కడన్నా జన్మలో ఒక బిందె తోమాడా? నీళ్ల సామాను ఇచ్చి, శుక్రవారం దాన్ని తోమరనుకున్నారా మీరు? రేపు బడికి పంపిస్తే అక్కడి ఆయా మాత్రం తోమకుండా ఊరుకుంటదా?" నా అరుపులకు చుట్టుపక్కల గోడల మీద తలకాయలు లేచాయి. లారీ ఆపిస్తానన్నాడు వాడు.

నాగమణి అంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నా వైపే చూస్తూ అడిగింది.

"అంటే నిన్న ఆ పసుపు రంగు... మంచిది కాదా?"

"కాదు నాగా."

"నాలుగో వారం నుంచీ నా బిడ్డకి నేనే ఆ నీళ్లు తాపిచ్చానా? ఈ చేతుల్తో తోమి మరీ?"

దాని భుజం మీద చెయ్యి వేశాను, తీసేసింది. ఆ మాటంటున్నప్పుడు దాని నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది. చారలు పడ్డ పళ్లన్నీ కనపడుతున్నాయి. చెయ్యి అడ్డం పెట్టుకోవాలన్న సంగతే మర్చిపోయింది. ఇన్నేళ్లలో దాని పళ్లను నేను అంత సూటిగా చూడడం అదే మొదటిసారి.

కాసేపటికి లేచి చేతులు కడుక్కుంది. "కోటయ్య మామ ఇంట్లో నీళ్లు మంచియ్యన్నావుగా?" అంది. అవునన్నాను. కాచి చల్లార్చి పడితే పాకుడు భయం కూడా ఉండదని సుధాకర్ చెప్పాడు. అంతే, చెంబు తీసుకుని పాపని చంకన వేసుకుని బయల్దేరింది. ఆ గడప తొక్కాలంటేనే ముక్కు మూసుకునే మనిషి.

నేను వెనకాలే పోయాను. మస్తాన్‌బీ వచ్చింది. పసిపిల్లలున్న ఇంకో ఇద్దరు వచ్చారు. పొద్దున్నే తన గుమ్మం ముందు చెంబులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లని చూసి కోటయ్య మామ బెదిరిపోయాడు. "ఏంది, ఏమైంది? నేనేం చేశా?" అంటూ లుంగీ సరిచేసుకుని, కాలితో చుట్ట పీకల్ని మంచం కిందికి తోశాడు. "రేపు రండమ్మా, ఇల్లు ఊడ్చలేదు."

"నీ ఇల్లు ఊడ్చమని ఎవరడిగారు మామా, నీళ్లు పొయ్యి" అంది నాగమణి.

విషయం చెబితే ఆయన నమ్మలేదు. "నా నీళ్లా?" అని అందరినీ మూడుసార్లు అడిగాడు. ఒక్క క్యాండిల్ వీధంతటికీ చాలదు కాబట్టి పసిపిల్లల వరకే అనుకున్నారు. మస్తాన్‌బీ మూత తీసింది. లోపల పాకుడు చూసి "యా అల్లా!" అని, పాపం అలవాటు కదా, పైట చెంగుతో ఆ క్యాండిల్ తుడవబోయింది.

"ముట్టుకోమాక!" నాగమణి కేకకి కోటయ్య మామ సహా అందరం ఉలిక్కిపడ్డాం. "దాన్ని ఎవరూ ముట్టుకోమాకండి!"

మస్తాన్‌బీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తర్వాత ఒక్కో చెంబూ నింపుకున్నాం.

గురజాల స్టేషన్లో మధ్యాహ్నం ప్యాసింజర్ పట్టుకున్నాను. మాచర్ల నుంచి గుంటూరు పోయే బండి. ఇంటికి కాదు, నేరుగా సుధాకర్ దగ్గరికే. నాగమణి క్యాండిల్‌ని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. నడికుడి దాటాక ఎదురు సీటాయన ఉండబట్టలేక అడిగాడు.

"ఏందక్కా, అంత భద్రంగా పెట్టుకున్నారు?"

"ఫిల్టర్ క్యాండిల్ బాబూ."

"ఓ! మా ఇంట్లో కూడా ఉంది. మా ఆవిడ దాన్ని అద్దంలాగా పెట్టుద్దిలే" అన్నాడు గర్వంగా. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. వాళ్లది మామూలు ఫిల్టరే అయి ఉంటుంది. అయినా నా ఒళ్లు జలదరించింది.

పత్తి చేలు, సున్నపు బట్టీలు వెనక్కి పోతున్నాయి. ఈ దారిలో నేను చిన్నప్పటి నుంచీ తిరుగుతున్నాను. ఎప్పుడూ గోంగూర కట్టలతో, పిన్ని కబుర్లతో తిరిగొచ్చేదాన్ని. ఈసారి నా తల దిమ్మెక్కిపోయి ఉంది. ప్రేమ ఎక్కువైన ఇంట్లోనే పూత అరిగిపోయింది. పట్టించుకోని ఇంట్లో అది చెక్కుచెదరలేదు. ఇది ఎవరి తప్పని తిట్టాలో తెలియక, తిట్లు వచ్చినా తిట్టడానికి మనిషి దొరక్క, పిడుగురాళ్ల దాకా నాలో నేనే గొణుక్కున్నాను.

సత్తెనపల్లి దగ్గర నాగమణి ఫోన్ చేసింది.

"అక్కా, కోటయ్య మామ ఫిల్టరుకి తాళం వేసేశాడు. ఆడోళ్లు తోమేస్తారంట! తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరుగుతున్నాడు" అంది. నాకు నవ్వొచ్చింది. అది మాత్రం నవ్వలేదు. "పాపకి ఆ నీళ్లే కాచి పట్టా. దాని పళ్లు ఎట్టా వస్తయ్యో చూడాలంటే ఆరేళ్లు ఆగాలా అక్కా?"

"ఆగాలి నాగా. ఇప్పుడే ఏం చెప్పలేమంట. ఇక నుంచి మంచి నీళ్లు తాగితే అంత మేర మంచిదేనంట."

"ఊఁ." కాసేపు ఆగింది. "నిన్న నువ్వు చూశావుగా, అది నవ్వి నోరు మూసుకోవటం? ముద్దుగా ఉందన్నావు. నేనూ అట్టాగే అనుకున్నా. దానికి ఇప్పుడు పళ్లన్నీ ముత్యాల్లాగా ఉన్నయ్ గదక్కా. అదెందుకు మూసుకోవాలి? నన్ను చూసేగా?"

ఆ బుల్లి అరచెయ్యి నాకు రెండుసార్లు కనపడింది, ఒక్కసారి కూడా ఆ సంగతి తట్టలేదు.

"నీళ్ల సంగతి తెలవక చేశా. ఇది తెలిసి కూడా ఎట్టా చేస్తా? దాని ముందు ఇంక చెయ్యి అడ్డం పెట్టుకోనక్కా. ఎవరేమనుకుంటే అనుకోనీ."

అవతల లహరి దేనికో కిలకిలమంది. వెంటనే నాగమణి కూడా నవ్వింది. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన నాగమణి నవ్వు అరచేతి వెనక నుంచి, గుడ్డ కప్పినట్టు వచ్చేది. ఇది అట్లా లేదు. నేను ఒళ్లో ఉన్న క్యాండిల్‌ని గట్టిగా పట్టుకుని, బండి గుంటూరు చేరేదాకా ఆ నవ్వే గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.